అప్‌డేట్: ‘పచ్చ’ అంటే ఏ రంగు?

మా అమ్మాయి రంగుల పుస్తకంలో నిమ్మపండునూ ఆకునూ చూపి రెండింటినీ ‘పచ్చ’ అనడంతో, అసలు ఆ మాట ఏ రంగుదని ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తప్పు పిల్లది కాదని తేలింది.

‘పచ్చ’ పుట్టిన ద్రావిడ ధాతువుకు (మూలరూపానికి) లేతదనం, తాజాదనం అనే భావాలు కూడా ఉన్నాయని, అందుకే పసి, పసుపు, పసిడి, పచ్చి, చివరికి పైరు కూడా దీని బంధువులేనని, తమిళంలోని ‘పచ్చై’ కూడా ఈ కుటుంబానిదేనని ఒకరు వివరించారు. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో (1961, రెండో ముద్రణ 1984) చూస్తే ఇవన్నీ ఒకే చోట కనిపించాయి. పైరు మాత్రం నేను ఊహించనిది.

పచ్చగడ్డిలో ఆకు రంగు, పచ్చకామెర్లలో పసుపు రంగు. పచ్చిపాలలోనూ పచ్చి అబద్ధంలోనూ అసలు రంగే లేదు, కాచనిదనం ఒకచోట, కలపనిదనం మరొకచోట. పచ్చిపులుసు సంగతి వేరే చెప్పనక్కరలేదు, అది పొయ్యి ఎక్కదు. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట తగిలించేది ఈ అస్పష్టతను తీర్చడానికే.

నిన్న మా అమ్మ బుట్టలోంచి కాయను తీసి “ఇంకా పచ్చిదే” అంది. పక్కనున్న మామిడిపండును చూసి “ఎంత పచ్చగా ఉందో” అంది. మా అమ్మాయి నా వైపు చూసింది.