తప్పులు లేని చెస్ ఎవరు చూస్తారు?

నల్లగడి · ఆదివారం రాత్రి 10:42

నిద్ర పట్టక 2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్ మళ్లీ చూశాను. తెలియనివాళ్ల కోసం కథ టూకీగా చెప్తా. మన గుకేశ్, అప్పటి ప్రపంచ చాంపియన్ అయిన చైనా ఆటగాడు డింగ్ లిరెన్ చెరో 6.5 పాయింట్లతో సమానం, ఇదే ఆఖరి క్లాసికల్ గేమ్, అంటే గంటల తరబడి ఆడేది. ఇద్దరికీ ఏనుగు, శకటు ఉన్నాయి, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. అయినా డ్రానే అని అందరూ తేల్చేసి, మర్నాడు తక్కువ టైమ్‌తో ఆడి విజేతను తేల్చే ర్యాపిడ్ టైబ్రేక్ గురించి మాట్లాడుకుంటున్నారు. నేనూ ఆఫీసులో స్క్రీన్‌కి ఓ మూల పెట్టుకుని, సగం మనసుతో చూస్తున్నా.

55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి దింపాడు. కొంప మునిగింది. ఆయన శకటు ఏ8 మూలలో ఉంది. ఏనుగులు ఒకదాన్నొకటి కొట్టుకుని పోయాక గుకేశ్ తన శకటును డీ5లో పెడితే డింగ్ శకటుకి పారిపోయే దారి లేదు, శకట్లూ అలాగే పోవాల్సిందే. ఇక మిగిలేది ఉత్త బంట్ల ఆట, అందులో డింగ్ ఓటమి ఖాయం. గుకేశ్ అది గమనించిన క్షణం వీడియోలో కనిపిస్తుంది. కళ్లు పెద్దవి చేశాడు, నీళ్లు తాగాడు, కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాడు. నేను ఆఫీసులో గట్టిగా అరిచాను, మేనేజర్ వచ్చి ఏమైందని అడిగాడు.

ఇప్పుడు 2018 లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్ చూడండి. కార్ల్‌సెన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ గేములూ డ్రా. నాణ్యతకు వంక పెట్టలేం, సరే. మీలో ఎంతమందికి అందులో ఒక్క గేమ్ గుర్తుంది? నా మాట ఒక్కటే: తప్పు జరిగితేనే చూసేవాడికి మజా. కాదనేవాళ్లు రండి.

రాత్రిపూట_బ్లిట్జ్ · 10:50

గుకేశ్ తమిళుడా తెలుగువాడా అని మొదలెట్టకండి దయచేసి. మిగతాది కానివ్వండి.

ఏలూరు_మాస్టారు · 11:31

నల్లగడి గారూ, రోడ్డు మీద యాక్సిడెంట్ అయినా జనం బండ్లు ఆపి మరీ చూస్తారు. దాన్ని మజా అనం కదా.

ఆ గేమ్‌లో చూడాల్సింది 55వ ఎత్తు కాదు, అంతకుముందువి. డ్రా అయినా ఫర్వాలేదని డింగ్ ఒక్కో పావూ మార్చుకుంటూ పోతుంటే, ఆ పిల్లాడు ఒక్క బంటు ఆధిక్యంతో గంటల తరబడి ఊపిరి సలపనివ్వలేదు. ఆ ఒత్తిడే అసలు ఆట. ఎఫ్2 దాని ఫలితం. మీరు పండు రాలిన చప్పుడు విని చెట్టు చూశానంటున్నారు.

2018లో ఏ గేమ్ గుర్తుందన్నారు కదా, మొదటి గేమ్ నాకు గుర్తుంది. 115 ఎత్తులు, ఏడు గంటలు. కరువానా టైమ్ అయిపోతూ ఒక్కో ఎత్తూ గడియారం చివర్లో వేశాడు. మా ఇంట్లో పాలు పొంగిపోయినా లేవలేదు నేను.

నల్లగడి · 11:44

మాస్టారూ, నా పాయింటే చెప్పారు! ఆ గేమ్‌లో నల్లపావులతో ఆడిన కార్ల్‌సెన్ గెలిచే అవకాశం వదిలేశాడు. అది తప్పే. కరువానా ఇబ్బందుల్లో పడ్డాడు, అదీ తప్పే. పాలు పొంగింది తప్పుల వల్లే.

వరంగల్_రూక్ · సోమవారం ఉదయం 7:15

ఇద్దరూ మాట సరిచేసుకోవాలి. తప్పు లేకుండా చెస్‌లో గెలుపనేదే లేదు. మొదటి స్థానం నుంచి ఇద్దరూ సరిగ్గా ఆడితే డ్రా అని దాదాపు అందరూ నమ్ముతారు, గణితపరంగా ఎవరూ నిరూపించకపోయినా. అంటే గెలిచిన ప్రతి గేములోనూ ఎక్కడో ఒక తప్పుండాలి. అప్పుడు “తప్పుంటే మజా” అనడం, “ఫలితం వస్తే మజా” అనడం రెండూ ఒకటే. చర్చ ఇక్కడితో అయిపోయింది.

ఇంజన్ల, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాముల, పోటీల్లో ఏం చేస్తారో చూడండి. వాటి మానాన వదిలేస్తే డ్రాలే డ్రాలని, ఒకవైపు కావాలనే వంకర ఓపెనింగ్ (మొదటి కొన్ని ఎత్తులు) ఇచ్చి మొదలెట్టిస్తారు. తప్పును నిర్వాహకులే ముందు చేసి పెడతారన్నమాట.

బంటు_బాబ్జీ · 7:22

శకటు అంటే బిషపా? మా వైపు ఒంటె అనేవాళ్లం.

ఏలూరు_మాస్టారు · 8:05

రూక్ గారూ, మీ నిర్వచనంలో బంటును ఓ గడి తక్కువ జరపడమూ తప్పే, ఏనుగును ఊరికే ఇచ్చేయడమూ తప్పే. జ్వరమూ క్యాన్సరూ రెండూ రోగాలే అన్నట్టుంది. 1960లో మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తాల్, బోత్వినిక్‌తో ఆరో గేమ్‌లో గుర్రాన్ని ఎఫ్4లో బలిచ్చాడు. హాల్లో జనం గోల ఎక్కువై ఆటగాళ్లను వెనక గదిలోకి మార్చాల్సి వచ్చింది. తర్వాత విశ్లేషకులు దాన్ని తూర్పారబట్టారు, పూర్తిగా సరైన బలి కాదన్నారు. తాల్‌కి ఆ అనుమానం లేదనుకుంటున్నారా? తెలిసే సాహసం చేశాడు. దాన్నీ డింగ్ ఎఫ్2నీ ఒకే సంచిలో వేస్తారా?

వరంగల్_రూక్ · 8:19

ఇంజన్ దృష్టిలో ఒకే సంచి. అంకె తేడా, అంతే.

ఏలూరు_మాస్టారు · 8:24

అదే మీతో వచ్చిన చిక్కు.

వరంగల్_రూక్ · 8:40

చిక్కేమీ లేదు. 2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్, స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ మీద 100 గేముల్లో 28 గెలిచి 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. మనిషి అక్కర్లేదు, చెమట అక్కర్లేదు, కన్నీళ్లు అక్కర్లేదు. అయినా ఆ గేములు జనం ఎగబడి చూశారు. నేను ఓ ఆదివారమంతా అవే చూశాను. కాబట్టి నల్లగడి గారి సిద్ధాంతమూ పూర్తిగా నిలబడదు.

నల్లగడి · 8:52

బ్రదర్, ముందు “తప్పు లేకుండా గెలుపు లేదు” అన్నారు. ఇప్పుడు ఆ 28 గెలుపులు నా మీద సాక్ష్యమా? అక్కడ స్టాక్‌ఫిష్ తప్పులు చేసిందన్నమాటేగా!

రాత్రిపూట_బ్లిట్జ్ · 8:55

దొరికాడు.

హంపి_అభిమాని_బెజవాడ · 1:10

నల్లగడి గారికి ఒక్క ప్రశ్న. 2025 జులై 28, బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. హంపి, దివ్య. రెండు క్లాసికల్ గేములు డ్రా, మొదటి ర్యాపిడ్ డ్రా, రెండో ర్యాపిడ్‌లో టైమ్ తగ్గిపోయాక ఇద్దరూ తడబడ్డారు. చివరి తప్పు హంపిది. అది మీకు మజాగా ఉందా? నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. గుడివాడ నుంచి వెళ్లి, అమ్మయ్యాక కూడా తిరిగొచ్చి, 38 ఏళ్ల వయసులో ఫైనల్ దాకా వచ్చిన మనిషి. మనవాళ్లు తప్పు చేస్తే ఏడుపు, చైనావాళ్లు చేస్తే మజా. అంతేనా మీ సిద్ధాంతం?

నల్లగడి · 1:34

అన్నం సహించనంతగా చూశారంటేనే అందులో ఏదో ఉన్నట్టు. మజా అంటే నవ్వు అని ఎవరన్నారు?

హంపి_అభిమాని_బెజవాడ · 1:37

“మేనేజర్ వచ్చేంత గట్టిగా అరిచాను” అని మీరే రాశారు. ఏడ్చి అరిచారా మరి?

ఏలూరు_మాస్టారు · 2:20

నేనూ అదే అంటాను. నల్లగడి గారు చూసింది బోర్డును కాదు, పక్కనున్న తెల్ల-నల్ల పట్టీని. ఎవరిది పైచేయో ఇంజన్ లెక్కగట్టి చూపించే ఆ ఎవాల్ బార్ ఒక్కసారిగా కిందికి పడింది, ఈయన అరిచాడు. బార్ తీసేసి అదే స్థానం ఇస్తే ఎఫ్2 తప్పని ఎంతసేపటికి తెలిసేది? నిజం చెప్పండి. మీ రేటింగ్ ఎంత?

నల్లగడి · 2:26

1180. ఆన్‌లైన్‌లో. అయితే ఏంటి? క్రికెట్ చూడాలంటే రంజీ ఆడి ఉండాలా?

ఏలూరు_మాస్టారు · 2:41

ఆడనక్కర్లేదు. కానీ 1180 రేటింగ్ ఉన్నవాడు ప్రపంచ చాంపియన్‌ని చూసి “అయ్యో ఇది కూడా కనపడలేదా” అని పళ్లికిలించడం ఏ క్రికెట్ అభిమాని అయినా సిగ్గుపడే పని. ఇంజన్ వచ్చాక ప్రతివాడూ గ్రాండ్‌మాస్టరే. పక్కవాడి జవాబు పత్రం చేతిలో పెట్టుకుని టాపర్‌ని వెక్కిరించినట్టు.

నల్లగడి · 2:44

పళ్లికిలించానని నేనెక్కడ రాశాను? చూపించండి. మీలాంటి కోచ్‌ల వల్లే ఈ ఆట సగం మంది పిల్లలకు దూరమైంది.

రాత్రిపూట_బ్లిట్జ్ · 2:45

టీ పెట్టుకొచ్చా. కానివ్వండి.

ఏలూరు_మాస్టారు · 9:50

మధ్యాహ్నం కోపంలో రాసిన మాటకు సారీ. కానీ ఎందుకు వచ్చిందో చెప్తాను.

22 ఏళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నాను. రెండేళ్ల కింద మా క్లాసులో ఒక పాప, పదకొండేళ్లు, ఓ టోర్నమెంటులో రెండో బోర్డు మీద కూర్చుంది. టాప్ బోర్డులు లైవ్ పెట్టారు. గెలిచే గేమ్‌లో మంత్రిని అలవోకగా ఇచ్చేసింది. చిన్న పిల్ల, చెయ్యి ఆగలేదు. లైవ్ పక్కన చాట్‌లో ఎవరెవరో నవ్వులు, బొమ్మలు, “ఇంటికెళ్లి బొమ్మలాట ఆడుకో” అని. వాళ్ల నాన్న హాలు బయట కూర్చుని ఫోన్‌లో అన్నీ చదివాడు. పాప బయటికొచ్చేసరికి ఆయన ముఖం చూసి ఏమైందని అడిగింది, ఫోన్ లాక్కుంది, చదివింది. మర్నాడు రౌండ్‌కి రాలేదు. తర్వాత క్లాసుకీ రాలేదు. బోర్డు మాత్రం నా దగ్గరే వదిలేసింది, గుడ్డ బోర్డు, మూలన స్కెచ్ పెన్నుతో పేరు రాసుకుంది.

ఆ చాట్‌లో రాసినవాళ్లలో ఒక్కడికీ బార్ లేకుండా ఆ స్థానం అర్థమయ్యేది కాదు. తప్పులుంటేనే మజా అని ఎవరైనా అంటే నాకు ఆ గుడ్డ బోర్డు కనిపిస్తుంది.

హంపి_అభిమాని_బెజవాడ · 9:58

దణ్ణం మాస్టారూ.

నల్లగడి · 11:20

చదివాను. ఏం రాయాలో తెలియలేదు, కాసేపు ఆగాను.

నాదీ ఒకటుంది. ఏడో తరగతిలో మా స్కూల్లో చెస్ సార్ ఉండేవాడు. ఊరి పేరు వద్దు. నేను గుర్రాన్ని బలిచ్చి ఓడిపోయిన ప్రతిసారీ బోర్డు చెదరగొట్టి, “పుస్తకంలో లేని ఎత్తు వేస్తే ఇలాగే అవుతుంది” అనేవాడు. అందరి ముందు. గెలిచిన గేమ్ చూపించినా, “ఎదుటోడు వెధవ కాబట్టి గెలిచావు” అనేవాడు. ఆరు నెలల్లో మానేశాను. పద్దెనిమిదేళ్లు బోర్డు ముట్టుకోలేదు.

2020 లాక్‌డౌన్‌లో ఏదో స్ట్రీమ్ చూస్తుంటే ఒక గ్రాండ్‌మాస్టర్ మంత్రిని ఊరికే ఇచ్చేసి, తల పట్టుకుని తనమీద తనే నవ్వుకున్నాడు. తర్వాత క్రామ్నిక్ వీడియో దొరికింది. 2006లో బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే ఇంజన్ మీద, అప్పటికి ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఒక్క ఎత్తులో తన ఆట కట్టేసే మేట్ చూసుకోలేదు. ఆ రోజు రాత్రే యాప్ వేసుకున్నాను. వాళ్లే చేస్తే నేను చేయడంలో తప్పేముంది అనిపించింది. అందుకే ఆ రోజు అరిచాను మాస్టారూ. డింగ్‌ని చూసి నవ్వలేదు. మీరు చెప్పిన పాపకి ఎవరైనా ఆ క్రామ్నిక్ వీడియో చూపించి ఉంటే అనిపిస్తోంది.

ఏలూరు_మాస్టారు · 11:47

నేనే చూపించాల్సింది. తట్టలేదు.

అయినా ఒప్పుకోను. మీరు తప్పులో తోడు చూశారు, మంచిదే. కానీ బార్ పెట్టి చూపించేవాళ్లు ఆ తోడు అమ్మడం లేదు. 2025 జూన్‌లో నార్వేలో గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సెన్ బల్లమీద గుద్దిన క్లిప్ ఎన్నిసార్లు చూశారు? అంతకుముందు కార్ల్‌సెన్ ఎంత బాగా ఆడి గెలిచే స్థానం తెచ్చుకున్నాడో ఒక్కసారైనా చూశారా?

నల్లగడి · 11:52

క్లిప్ ఓ ఇరవై సార్లు. గేమ్ చూడలేదు. ఇది మాత్రం మీదే.

వరంగల్_రూక్ · 11:55

బార్ తీసేస్తే చూసేవాళ్లు సగానికి పడిపోతారు. స్పాన్సర్లు పోతారు. మీ క్లాసుకి పిల్లలొస్తున్నదే ఈ క్లిపుల వల్ల మాస్టారూ.

ఏలూరు_మాస్టారు · మంగళవారం ఉదయం 6:30

కావచ్చు. ఒక పని చేద్దాం. 2014 సోచి ప్రపంచ చాంపియన్‌షిప్, ఆరో గేమ్, కార్ల్‌సెన్, ఆనంద్. 26వ ఎత్తులో కార్ల్‌సెన్ రాజును డీ2కి జరిపాడు. భయంకరమైన తప్పు. వేశాక తనకే తెలిసింది. నల్లపావులతో ఆడుతున్న ఆనంద్ అది చూడకుండా ‘ఏ’ వరుసలోని బంటును ముందుకు జరిపాడు, చివరికి ఆ గేమ్ ఓడిపోయాడు. స్క్రీన్ ముందున్న ప్రతివాడికీ ఆ నిమిషం జవాబు తెలుసు, బల్ల దగ్గరున్న ఆనంద్‌కి తప్ప. స్థానం బొమ్మ పెడుతున్నాను. నల్లపావుల వంతు. ఇంజన్ ముట్టుకోకుండా చెప్పండి.

హంపి_అభిమాని_బెజవాడ · 6:52

గుర్రంతోనేనా? ఏదో గుర్రంతో అనిపిస్తోంది.

బంటు_బాబ్జీ · 7:05

తప్పు ఉందని ముందే చెప్పేశారుగా మాస్టారూ. చెప్పకపోతే నేనసలు వెతికేవాణ్ణే కాదు.

నల్లగడి · 7:31

నలభై నిమిషాల నుంచి చూస్తున్నా. ఆఫీసు క్యాబ్ వెళ్లిపోయింది. చెప్పకండి ఎవరూ.

రాత్రిపూట_బ్లిట్జ్ · 7:32

గుర్రంతో ఈ5 బంటు కొట్టాలి. తెల్ల ఏనుగు మన ఏనుగును తీసుకుంటే గుర్రంతో సీ4 బంటు కొట్టి చెక్.

నల్లగడి · 7:33

ఛీ.