1947లో వెళ్లిపోయిన బ్రిటిష్ ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారుల పింఛన్లను మనం భరించడం న్యాయమేనా?

గోదావరిగట్టు: అధికార మార్పిడితో ఉద్యోగ జీవితం అర్ధాంతరంగా ముగిసిన ఐరోపా అధికారులకు పరిహారం ఇస్తామని 1947 ఏప్రిల్‌లో ప్రకటించిన బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఖర్చు తానే పెట్టుకుంది. పింఛన్ల భారం మాత్రం మన నెత్తిన పడింది. వాటి కోసం 1948లో లండన్‌లో పౌండ్లలో మనకున్న స్టెర్లింగ్ నిల్వల నుంచి 16 కోట్ల 80 లక్షల పౌండ్లు విడిచిపెట్టాం. యుద్ధకాలంలో మన సరుకు వాడుకుని బ్రిటన్ మనకు బాకీపడ్డ సొమ్ములోంచి వాళ్ల ఉద్యోగులకు పింఛను ఇవ్వడం ఏ ధర్మం?

పాతదస్త్రం: పింఛను దానం కాదండీ, చేసిన పనికి ఆలస్యంగా అందే జీతం. ఐసీఎస్‌లో చేరిన రోజునే, పూర్తి సర్వీసు చేస్తే హోదాతో నిమిత్తం లేకుండా ఏడాదికి 1000 పౌండ్లని ఒప్పందం ఉంది. పైగా కొత్త ప్రభుత్వాలకు అనుభవజ్ఞులు కావలసి వచ్చారు. పాకిస్తాన్ మూడీని, కన్నింగ్‌హామ్‌ను, బోర్న్‌ను గవర్నర్లుగా పెట్టుకుంది.

సీమబిడ్డ: గవర్నర్ల సంగతి పింఛన్ల చర్చకు జవాబు కాదు.

గోదావరిగట్టు: మా తాతగారు కరణం. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు, అడంగళ్లూ పాత లెక్కలూ ఎర్రగుడ్డలో మూటగట్టి, వచ్చినాయన ముందు పెట్టి, ఒక్కొక్క పుస్తకానికీ సంతకం చేయించుకుని ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయనకు లేని ఒప్పందం సముద్రాలు దాటి వచ్చినవాడికి ఎందుకు ఉండాలి?

పాతదస్త్రం: మీ ఇంటి బాధను చరిత్ర మీద రుద్దకండి. ఒకరికి అన్యాయం జరిగిందని ఇంకొకరికి హక్కు లేదనడం వాదన కాదు.

గోదావరిగట్టు: రుద్దడమా? మా తాతగారి కన్నీళ్లు మీకు దస్త్రంలో కనబడకపోతే అది దస్త్రం లోపం.

నల్గొండలక్ష్మి: ఇద్దరూ కాస్త ఆగండి. ఉండిపోయిన భారతీయ అధికారులను మీరు మరిచారు. సొంత దేశంలో కొనసాగే వారికి పరిహారం ఎందుకన్న పటేల్‌గారే, 1949 అక్టోబరులో వారి సర్వీసు షరతులకు రాజ్యాంగంలో హామీ ఉండాలని పట్టుబట్టారు. మన తిరుచానూరు వారైన అనంతశయనం అయ్యంగార్ ఆ హామీని విమర్శిస్తే, విభజన తర్వాత దేశాన్ని నిలబెట్టింది ఈ అధికారులేనని, ఇచ్చిన మాట తప్పకూడదని పటేల్ సమాధానమిచ్చారు. అదే 314వ అధికరణం. 1972లో 28వ సవరణతో దాన్ని తీసేశారు.

పాతదస్త్రం: సరిగ్గా నేను అడగవలసింది ఇదే. గోదావరిగట్టు గారూ, 1972లో ఆ మాట తప్పడాన్ని మీరు సమర్థిస్తారా? సమర్థిస్తే 1984ను తప్పుపట్టలేరు. సమర్థించకపోతే 1948 చెల్లింపునూ తప్పుపట్టలేరు.

గోదావరిగట్టు: 1972ను సమర్థించను. 1949 నాటిది మన రాజ్యాంగ సభ, మన అధికారులకు, అందరి ముందూ వాదించి ఇచ్చిన మాట. 1000 పౌండ్ల మాట మనల్ని అడగకుండా మన ఖజానా మీద లండన్ ఇచ్చింది. మాట నిలబెట్టుకోవాలన్న దానిలో మనకు పేచీ లేదు, అది ఎవరి మాట అన్నదే నా పేచీ.

పాతదస్త్రం: ఆ మాటను నమ్మి ఇరవై రెండేళ్ల వయసులో ఓడెక్కి వచ్చిన కుర్రవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు. నేను అతని వైపు నుంచే చూస్తున్నాను.

గోదావరిగట్టు: నేను పన్ను కట్టిన రైతు వైపు నుంచి చూస్తున్నాను.