పాత షాబాద్ బండల మీదనే వినైల్ ఫ్లోరింగ్ వేపియ్యొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. హనుమకొండల మాది గ్రౌండ్ ఫ్లోర్ పాత ఇల్లు, నాన్న కట్టిచ్చింది, కింద మొత్తం షాబాద్ బండలే. ఇప్పుడు నాన్నకు మోకాళ్ళ నొప్పులు, చలికాలం పొద్దుగాల ఆ బండల మీద కాలు పెడితే జివ్వుమంటున్నది అంటడు, అందుకని హాలు, రెండు బెడ్‌రూములు వినైల్ (ప్లాస్టిక్ రకం ఫ్లోరింగ్) చేపిద్దాం అనుకుంటున్న. షాపతను బండలు పగలగొట్టే పనే లేదు, మీదనే క్లిక్ ప్లాంకులు, అంటే ఒకదాంట్ల ఒకటి లాక్ అయ్యే పొడుగు పలకలు పరిచేస్తం, రెండు రోజులల్ల అయిపోతది అంటుండు. 2 ఎమ్ఎమ్‌ది గమ్ముతోటి అతికిచ్చేది, 4 ఎమ్ఎమ్ ఎస్‌పీసీ (రాతి పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన గట్టి ప్లాంకు), 6 ఎమ్ఎమ్ ఎస్‌పీసీ, మూడు రకాలు చూపెట్టిండు. ఏది తీసుకోవాలె? నిజంగనే బండల మీద నిలుస్తదా? ఇంట్ల ఉండంగనే పని కావాలె, కొంచెం వివరంగ చెప్పుండ్రి.

జవాబు:
అన్నా, నేను విజయవాడలో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. ఏ ప్లాంకు అనేది తర్వాత, ముందు కింద ఉన్న బండల సంగతి తేల్చుకోండి. వినైల్ పాడైపోయింది వచ్చి చూడండి అని పిలిస్తే వెళ్ళిన ఇళ్ళలో ఎక్కువ చోట్ల ప్లాంకు బాగానే ఉంటుంది, తేడా అంతా కింద నేలలోనే.

మొదటిది చెమ్మ. పాత ఇళ్ళలో బండల కింద మట్టి, ఇసుక, సున్నం కలిపిన పరుపే తప్ప చెమ్మని ఆపే షీటు ఏదీ ఉండదు. నేలలోని తడి బండల సందుల్లోంచి పైకి వచ్చి గాలికి ఆరిపోతూ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు. దాని మీద వినైల్ పరిస్తే ఆరే దారి మూసుకుపోతుంది, ఇక కింద బూజు పడుతుంది, గది తలుపులు వేసి ఉంచితే ముక్క వాసన వస్తుంది, గమ్ముతో అతికించిన రకమైతే గమ్ము మెత్తబడి అంచులు లేచిపోతాయి. వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసింది ప్లాంకు గురించి మాత్రమే, కింద నేల గురించి కాదు.

చూసుకోవడం సులువే. అడుగున్నర చదరం దళసరి పాలిథీన్ షీటు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి, తక్కువలో తక్కువ 16 గంటలు, వీలైతే రెండు మూడు రోజులు ఉంచి తీయండి. షీటు లోపలివైపు నీటి బొట్లు ఉన్నా, బండ రంగు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. కానీ షీటుని ఒకే బండ మధ్యలో అంటిస్తే ఏమీ కనపడకపోవచ్చు, రెండు మూడు బండలు కలిసే సందు మీద అంటించాలి, ఎందుకంటే తడి వచ్చేది అక్కడినుంచే. బాత్రూమ్ గోడ పక్కన ఒకటి, బయటి గోడ పక్కన ఒకటి, హాలు మధ్యలో ఒకటి పెట్టండి, వానలు పడ్డాక చేస్తే ఇంకా మంచిది.

రెండోది లెవెల్. షాబాద్ బండలు ఎంత బాగా పరిచినా ఒక బండ అంచు పక్కదానికన్నా కాస్త లేచి ఉంటుంది. 10 అడుగుల పొడవులో ఎత్తుపల్లాలు సుమారు 5 ఎమ్ఎమ్ దాటకూడదని చాలా కంపెనీలు రాస్తాయి, మేస్త్రీ దగ్గర ఉండే అల్యూమినియం పట్టీ నేల మీద ఆనించి కింద సందు ఎంతుందో చూస్తే తెలిసిపోతుంది. ఎత్తుపల్లాల మీద క్లిక్ ప్లాంకు వేస్తే నడిచినప్పుడల్లా కిందికీ పైకీ ఊగి ఊగి లాక్ విరుగుతుంది, ఒకసారి లాక్ విరిగాక ఆ సందు మళ్ళీ కలవదు. 2 ఎమ్ఎమ్ గమ్ము రకానికి లాక్ గొడవ లేదు గానీ అది పల్చగా ఉంటుంది కాబట్టి కింద బండల సందులన్నీ కొన్నాళ్ళకి పైకి గీతల్లా కనపడతాయి. అందుకే మీ ఇంటికి అది వద్దు.

బండలన్నీ ఒక్కొక్కటీ చెక్క పిడితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినవి, కదిలేవి ముందు తీసి గట్టిగా పరిపించాలి. తర్వాత పాత మైనం, పాలిష్, నూనె జిడ్డు పూర్తిగా పోయేలా కడిగించి, ఆరాక ప్రైమర్ (పట్టు కోసం ముందు కొట్టే పూత) కొట్టించి సెల్ఫ్ లెవెలింగ్ సిమెంట్, అంటే పోస్తే దానంతట అదే సమంగా పరుచుకునే సిమెంట్ పోయించాలి. నున్నటి బండ మీద ప్రైమర్ లేకుండా పోస్తే అది పెచ్చులుగా లేస్తుంది. ఇది ఆరడానికి ఎంత టైమ్ కావాలో బస్తా మీద రాసి ఉంటుంది, అంతా ఆగాలి, ఒక గది ఖాళీ చేసుకుంటూ ఇంకో గదిలో ఉంటే మీరు ఎటూ వెళ్ళక్కర్లేదు. రెండు రోజుల్లో అయిపోతుంది అన్నాడంటే ఈ పనులేవీ అతని లెక్కలో లేనట్టే, అడగండి.

మళ్ళీ అడిగింది:
చాలా థాంక్స్ అన్నా, ఇవి ఎవ్వరూ చెప్పలే. మరి చెమ్మ ఉన్నదనుకో, అప్పుడు ఇగ వేయరాదా? ఇంకొకటి, 4 కి 6 కి రేటు తేడా బాగనే ఉన్నది, మందం ఉన్నదే మంచిదా?

జవాబు:
షీటు కింద పల్చగా ఆవిరి పట్టినట్టుంటే 150 మైక్రాన్ల పాలిథీన్ షీటు పరిచి, ఒకదాని మీద ఒకటి 8 అంగుళాలు ఎక్కేలా వేసి టేపు అంటించి దాని మీద ప్లాంకులు వేస్తారు. బొట్లు బొట్లుగా నీళ్ళు నిలిస్తే మాత్రం వినైల్ మాట పక్కన పెట్టేయండి. బాత్రూమ్ పైపు లీకా, బయట గోడ పక్కన వాన నీళ్ళు నిలుస్తున్నాయా అని ముందు అది చూపించాలి. ఆ నీళ్ళ మీద ప్లాస్టిక్ కప్పడం నేనైతే ఎవరికీ చెప్పను.

మందం సంగతి. మొత్తం ఎన్ని ఎమ్ఎమ్ అనేదానికన్నా పైన అద్దంలా కనపడే పొర ఎంతో అడగండి, వేర్ లేయర్ అంటారు, గీతలు పడకుండా, డిజైన్ అరిగిపోకుండా కాపాడేది అదే. బెడ్‌రూముకి 0.3 ఎమ్ఎమ్ సరిపోతుంది, కుర్చీలు జరిపే, అందరూ తిరిగే హాలుకి 0.5 తీసుకోండి. 6 ఎమ్ఎమ్ అని చెప్పి వేర్ లేయర్ 0.2 ఉన్నవి కూడా అమ్ముతారు, దానికన్నా 0.5 ఉన్న 4 ఎమ్ఎమ్ నయం. కొన్నిటికి మందంలో అడుగున అంటించిన ఫోమ్ కూడా కలిపి చెప్తారు, అదీ కనుక్కోండి. ఫోమ్ ముందే అంటించి ఉంటే ఇంకో ఫోమ్ కింద వేయనివ్వకండి, మరీ మెత్తగా అయితే లాకులు ఊగుతాయి. చలి విషయం ఉన్నదున్నట్టు చెప్తున్నా, ఎస్‌పీసీలో సగానికి పైగా సున్నపురాతి పొడే, ఫోమ్ ఉన్న రకమైతే కాలికి బండ కన్నా తేడా తెలుస్తుంది గానీ తివాచీ అంత వెచ్చగా ఉండదు. నాన్నగారి కోసం అంటున్నారు కాబట్టి నిగనిగలాడేది కాకుండా పైన గరుకు ఉన్నది ఎంచుకోండి, జారదు.

ఖమ్మం నుంచి ఒక సభ్యురాలు:
మా ఇంట్లో వినైలే, వాడకం గురించి నేను చెప్తాను తమ్ముడూ. పండగలకి బక్కెట్లతో నీళ్ళు కొట్టి కడగడం ఇక కుదరదు, అంచుల్లోంచి నీళ్ళు కిందికి దిగితే మళ్ళీ ఆరవు, గట్టిగా పిండిన మాప్‌తో తుడవాలి అంతే. యాసిడ్ అసలు తగలనివ్వొద్దు. రబ్బరు అడుగున్న పట్టాలు, డోర్ మ్యాట్లు వేయకండి, అవి ఎక్కడ ఉంటే అక్కడ పసుపు మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. వేడి కుక్కర్ కింద పెట్టినా, అగరొత్తి నిప్పు రాలినా కాలి మచ్చ పడుతుంది, అందుకే వంటిల్లు, దేవుడి గది మేం బండలే ఉంచేశాం, మీరూ అలాగే ఉంచండి. ఇంట్లో ముగ్గు వేస్తే బియ్యప్పిండితో వేసుకోండి, రాతి ముగ్గు కాలి కింద పడి గీతలు పడుతుంది.

జవాబు:
అక్క చెప్పినవన్నీ రాసి పెట్టుకోండి. వేసేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి ఇంకొన్ని. డబ్బాలు 48 గంటలు ముందే ఆ గదిలో పడుకోబెట్టి ఉంచాలి. గోడల చుట్టూ 8 నుంచి 10 ఎమ్ఎమ్ ఖాళీ వదలాలి, ఎండకి ప్లాంకు సాగితే పోయేందుకు చోటుండాలి, ఆ ఖాళీ మీద బీడింగ్ (అంచు కప్పే పట్టీ) వస్తుంది, బీడింగ్ మేకులు గోడకే కొట్టాలి, ప్లాంకుకి కాదు. గడప ఉన్న తలుపుకి ఇబ్బంది లేదు, గడప దగ్గర ఫ్లోర్ ఆగిపోతుంది. గడప లేని బెడ్‌రూమ్ తలుపులు మాత్రం రాసుకుంటాయి, సెల్ఫ్ లెవెలింగ్ మందం కూడా కలుపుకుని ముందే వడ్రంగితో కింద చెక్క తీయించండి. కొనేటప్పుడు 12 బై 14 గది అంటే 168 చదరపు అడుగులు, పది శాతం కలిపి 185 తీసుకోవాలి, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి, మిగిలినవి రిపేర్లకి దాచుకోండి.

మళ్ళీ అడిగింది:
సరే అన్నా, ఈ ఆదివారమే షీట్లు అంటిస్త. ఒక్క డౌట్, అమ్మ ఇనుప బీరువా మస్తు బరువు, దాన్ని ప్లాంకుల మీదనే పెట్టొచ్చా?

జవాబు:
బీరువా ఒక్కటే అయితే పెట్టొచ్చు, కాళ్ళ కింద వెడల్పాటి చెక్క ముక్కలు వేయండి, రబ్బరువి కాదు. కానీ గదిలో ఒకవైపు బీరువా, ఎదురు గోడకి ఇంకో బరువైన అలమరా ఉంటే ఫ్లోర్ రెండువైపులా బిగుసుకుపోయి సాగడానికి వీలు లేక మధ్యలో లేస్తుంది. అలాంటప్పుడు ఒకటి గోడకి ఆనించి బండ మీదే ఉంచి, దాని చుట్టూ ప్లాంకు కోయించి అక్కడ కూడా అదే ఖాళీ వదిలిపించండి. జరిపేటప్పుడు ఈడ్చొద్దు, ఎత్తించండి.