ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

పరకాల_డీజిల్:
నా డీజిల్ ఎస్‌యూవీ 80,000 కిలోమీటర్లు దాటింది. ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్. డిప్‌స్టిక్ లేదు, మట్టం చూసుకోవడానికి పొంగు బోల్టు (విప్పితే ఎక్కువైన ఆయిల్ కారిపోయేది) ఒక్కటే ఉంది. మేడారం జాతరకు వెళ్లినప్పుడు పస్రా దాటిన తరువాత బండి మొదటి గేరులోనే పాకుతూ పోయింది. అప్పటినుంచి రెండో గేరు మూడోదానికి మారేటప్పుడు చిన్న కుదుపు వస్తోంది. షోరూం వారు ఈ ఆయిల్‌ను ఎన్నటికీ మార్చనక్కర్లేదని అంటున్నారు. వారంటీ ముగిసింది. ఇంటి ముందు సమతలంగా సిమెంటు వేయించాను, జాకీ, స్టాండ్లు ఉన్నాయి. నేనే మార్చుకోవచ్చా?

కాజీపేట_ఫిట్టర్:
పరకాల గారూ, మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. జర్మనీలోని జెడ్‌ఎఫ్ సంస్థ తాను తయారుచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని సూచిస్తుంది; అవే గేర్‌బాక్సులు బిగించి బండ్లు అమ్మే కంపెనీలు కొన్ని మాత్రం మార్చనక్కర్లేదంటాయి. గేర్‌బాక్స్ పెట్టె చేసినవాడి మాట వినాలో, బండి అమ్మినవాడి మాట వినాలో మీరే తేల్చుకోండి. మీ పెట్టె జెడ్‌ఎఫ్‌ది కాకపోయినా లోపల జరిగే పని ఒకటే. ఈ ఆయిల్ అరుగుదలను ఆపడమే కాదు, పీడనంతో క్లచ్చులను నొక్కుతుంది, కన్వర్టర్‌లో ఇంజను శక్తిని అందిస్తుంది, వేడిని కూలర్‌కు మోసుకుపోతుంది. జాతర దారిలో పాకేటప్పుడు కన్వర్టర్ లాక్ పడదు, అంటే ఇంజను, గేర్‌బాక్స్ నేరుగా కలిసి తిరగవు. ఆయిల్ లోపలే చిలకబడి కాగిపోతుంది.

ఇక పని సంగతి. నింపే బోల్టు ఊడుతుందని రూఢి చేసుకున్నాకే కింది బోల్టు విప్పండి. కిందంతా ఖాళీ అయ్యాక పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడి నుంచి కదలదు. దిగిన ఆయిల్‌ను కొలిచి, అంతే కొత్తది పోయండి. ఒక్కసారికి మొత్తం రాదు, చాలా భాగం కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ నిలిచిపోతుంది. 9 లీటర్లు పట్టే పెట్టెలో ఒక విడతకు 4 లీటర్లు దిగుతాయనుకుంటే, మొదటి విడతకు 44 శాతం కొత్తదవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక రెండో విడత చేస్తే 69 శాతం, మూడో విడతకు 83 శాతం. వాషర్లు కొత్తవి వేయండి. ఆయిల్ మాత్రం పుస్తకంలో రాసిన రకమే కావాలి. టొయోటా డబ్ల్యూఎస్ రకం ఆయిల్ కోరే పెట్టెలో పాత డెక్స్రాన్ 3 రకం పోస్తే చిక్కదనం తేడా వల్ల గేర్లు సరిగా పడవు.

హంటర్‌రోడ్_గ్యారేజీ:
ఫిట్టర్ గారి శాతాల లెక్క బాగుంది, కానీ మట్టం లెక్క అందులో లేదు. ఈ రకం పెట్టెలో మట్టం చూడాలంటే ఇంజను నడుస్తూ ఉండాలి, బండి ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి, ఆయిల్ వేడి మాన్యువల్ చెప్పిన హద్దుల్లో ఉండాలి. జపాన్ సంస్థ ఐసిన్ చేసే చాలా పెట్టెలకు ఆ హద్దు దాదాపు 35 నుంచి 45 డిగ్రీలు. మన ఓరుగల్లులో మే నెలలో నీడన నిలిపిన బండే ఆ హద్దు అంచున ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేసి, లీవరును పార్క్ నుంచి డ్రైవ్ దాకా ఒక్కోచోట ఆపుతూ తిప్పి, కిందికి దూరేలోపే వేడి హద్దు దాటుతుంది. వేడికి ఆయిల్ ఉబ్బి పొంగు బోల్టులోంచి అవసరానికి మించి కారిపోతుంది, చల్లారాక చూస్తే లోపల తక్కువే ఉంటుంది. పైగా ముందు చక్రాలను మాత్రమే జాకీతో లేపి మట్టం చూసేవారిని నేను చాలామందిని చూశాను. నడుస్తున్న ఇంజను కింద, స్టాండ్ల మీద నిలిచిన రెండు టన్నుల బండి కింద పడుకొమ్మని ఇంకొకరికి సలహా ఇవ్వడం నాకు బాధ్యత అనిపించదు.

జమ్మికుంట_పత్తి:
మా బావ బండికి ఆయిల్ మార్పించిన వారానికే గేర్లు జారడం మొదలైంది. అంతకుముందు అది చక్కగా నడిచేది. నన్నడిగితే అసలు ముట్టుకోవద్దు.

కాజీపేట_ఫిట్టర్:
పత్తి గారూ, మీ బావగారి బండిలో క్లచ్ ప్లేట్లు అంతకుముందే అరిగి ఉంటాయి. ఆ పొడి పాత ఆయిల్‌లో కలిసి కొంత పట్టు ఇచ్చి ఉంటుంది, కొత్త ఆయిల్‌తో అది కొట్టుకుపోయింది. ఆయిల్ జబ్బును బయటపెట్టిందే తప్ప తెచ్చిపెట్టలేదు. గేర్‌బాక్స్ అడుగున ఉండే ప్యాన్ (ఆయిల్ తొట్టి) విప్పినప్పుడు అందులోని అయస్కాంతం మీద మెత్తని బూడిదరంగు పేరుకుంటే అది మామూలే. మెరిసే ముక్కలు దొరికినా, ఆయిల్ నల్లబడి మాడు వాసన వేసినా, ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

గ్యారేజీ గారికి నా జవాబు. మే నెలలో కూడా తెల్లవారుజామున ఐదింటికి పెట్టె 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టుకుంటే ఆయిల్ వేడి ఫోన్‌లో కనిపిస్తుంది, 35 దాటాక బోల్టు విప్పి, ధార సన్నబడి చుక్కలుగా మారగానే బిగిస్తే పని అయిపోతుంది. నాలుగు స్టాండ్ల మీద బండిని నిలబెట్టి నీటిమట్టం గొట్టంతో సరిచూసుకోవచ్చు, చక్రాలకు అడ్డం పెట్టుకోవచ్చు. అసలు వేడి గురించి పట్టించుకోనిది ఎవరు? జనగాం నుంచి హైవే మీద వచ్చిన బండి పెట్టె 80 డిగ్రీల మీద ఉంటుంది. దాన్ని వెంటనే లిఫ్ట్ ఎక్కించే గ్యారేజీల్లో అది చల్లారేదాకా ఎవరు ఆగుతున్నారు?

హంటర్‌రోడ్_గ్యారేజీ:
మేం ఆగుతాం. బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లమంటాం. ఇక స్కానర్ అంటున్నారు. చవక స్కానర్లు చాలావాటిలో ఇంజను నీళ్ల వేడి కనబడుతుందే గాని గేర్‌బాక్స్ వేడి కనబడదు. ఆ తేడా తెలియనివారు నీళ్ల అంకె చూసి బోల్టు విప్పుతారు.

భూపాలపల్లి_కాలరీ:
దిగిన పాత ఆయిల్‌ను ఏం చేయాలి? మా వీధిలో సెంట్రింగ్ ప్లేట్లకు రాయడానికి మేస్త్రీలు అడిగి పట్టుకుపోతారు.

కాజీపేట_ఫిట్టర్:
మేస్త్రీలకు ఇవ్వవద్దు, మోరీలో అసలే పోయవద్దు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడిన ఆయిల్ వస్తుంది. డబ్బాలో మూతపెట్టి, పాత ఆయిల్ సేకరించే అనుమతి ఉన్నవారికి చేర్చండి.

స్కానర్ సంగతికి వస్తే, గేర్‌బాక్స్ వేడి చూపించే యాప్‌లు ఉన్నాయి. ఒక చవక స్కానర్‌ను చూపి ఇంట్లో పనంతా తప్పనడం న్యాయం కాదు.

హంటర్‌రోడ్_గ్యారేజీ:
న్యాయం మాట మీరు ఎత్తారు గనుక చెబుతున్నాను. ఇలాంటి చర్చలు చదివి ఇంట్లో విప్పుకుని, గేర్లు పడక, చివరికి లారీ మీద ఎక్కించుకుని మా దగ్గరికి వచ్చేవారు ఉన్నారు. ఏం పోశారో చెప్పరు, ఎంత పోశారో చెప్పరు. మేం విప్పి బాగుచేసి ఇస్తే, నెల తరువాత వచ్చిన ఏ చప్పుడుకైనా మమ్మల్నే నిలదీస్తారు. రిటైరైనవారికి పొద్దుపోవడానికి ఇది సరదా కావచ్చు, మాకు బతుకు.

కాజీపేట_ఫిట్టర్:
నా పొద్దుపోక గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. లోకో షెడ్‌లో విప్పిన ప్రతి భాగానికీ సంతకం పెట్టి పని చేసినవాణ్ని. ఈ నగరంలోనే ఒక చోట, పేరు చెప్పను, నా బండికి ఆయిల్, ఫిల్టర్ మార్చామని బిల్లు చేతికిచ్చారు. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే ప్యాన్ బోల్టుల మీద పాత మట్టి పెచ్చు కూడా ఊడలేదు. అడిగితే ‘కస్టమర్లకు లోపలికి ప్రవేశం లేదు’ అని గోడమీది బోర్డు చూపించారు. నేను స్పానర్ పట్టింది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు.

ములుగు_బాట:
వేడి మీద ఇంత చర్చ చేశారు. ఇద్దరి గొడవా వేడి గురించి కాదని ఇప్పటికి తెలిసింది.

హంటర్‌రోడ్_గ్యారేజీ:
ఫిట్టర్ గారూ, అది నా గ్యారేజీ కాదు, అలా చేసినవారిని నేను వెనకేసుకురాను. కానీ లిఫ్ట్ కింద యజమానిని నిలబెట్టుకుని పని చేయడం నాకు కుదరదు. పైన బండి, కింద కాగిన ఆయిల్. ఆయన చెయ్యి కాలినా, నెత్తిన ఏదైనా పడినా కేసు నా మీదికే వస్తుంది. దిగిన ఆయిల్‌ను కొలత డబ్బాలో ఆయన ముందు పెడతాను, పాత వాషర్లు, ఫిల్టర్ చేతికిస్తాను. అంతకుమించి నన్ను నమ్మాలి.

కాజీపేట_ఫిట్టర్:
డబ్బాలోని ఆయిల్ ఎవరి బండిదో నాకెలా తెలుస్తుంది? పసుపు గీత గీసి దాని ఇవతల నిలబెట్టండి, దూరం నుంచే చూస్తాం. కంటికి కనిపించని పనికి డబ్బు కట్టి, పైగా నమ్మకం కూడా మేమే ఇవ్వాలా? మీ భయం కేసు, నా భయం మోసం. రెంటిలో మీ భయానికి మాత్రమే బోర్డు ఉంది.

పరకాల_డీజిల్:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా స్కానర్‌లో చూశాను, కనిపిస్తున్నది ఇంజను నీళ్ల వేడి మాత్రమే. అందువల్ల మొదటి విడత బయటే చేయిస్తాను, అయితే పని కనబడేలా గీత ఇవతల నిలబడనిచ్చేచోటే. కాజీపేట, హన్మకొండ వైపు అలాంటి చోటు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ పేరు రాయకుండా నాకు విడిగా సందేశం పెట్టండి.

హంటర్‌రోడ్_గ్యారేజీ:
గీత సంగతి ఆలోచిస్తాను, మాట మాత్రం ఇవ్వలేను. ఆయిల్ డబ్బా మీరే కొని తెస్తే గేర్‌బాక్స్ గ్యారంటీ నాది కాదని బిల్లు మీద రాస్తాను.

కాజీపేట_ఫిట్టర్:
రాయండి. నేనైతే సీలు విప్పని డబ్బాతోనే వస్తాను.

జమ్మికుంట_పత్తి:
మా ఇంట్లో రెండో బండి సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్). దానికీ ఇదే పద్ధతా?

కాజీపేట_ఫిట్టర్:
కాదు. అందులో బెల్టు, పుల్లీలు ఉంటాయి, దాని ఆయిల్ వేరే రకం. ఈ ఆయిల్ పోస్తే బెల్టు జారి పాడవుతుంది. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.