సమస్యాపూరణం: ఆపిలొకటి కాల్చె నఖిల పురము

అడ్మిన్:
ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇదీ, పైన మూడు పాదాలూ మీరు కట్టాలి:

ఆపిలొకటి కాల్చె నఖిల పురము

ఆపి-లొకటి-కాల్చె-నఖిల-పురము, ఐదు సూర్యగణాలు (గురువు-లఘువు అయితే హగణం, మూడు లఘువులైతే నగణం) సరిపోయాయి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) ఆ–అ. కిందటి వారం ఎవరో రామాయణం భారతం వదిలి ఇంకేదన్నా ఇవ్వండి మాష్టారూ అన్నారు కదా, అందుకని ఈసారి గ్రీకు పురాణం. గ్రీకులు తెలీని వాళ్ళు ఆపిల్ పై (ఆపిల్ ముక్కలు పిండి మూత కింద పెట్టి ఓవెన్లో కాల్చే వంటకం) గురించి రాసుకోవచ్చు, రెండూ కలిపితే ఇంకా సంతోషం. ఆపిలేంటండీ తెలుగు పద్యంలో అని ఎవరూ గొడవకి రావద్దు, ఆపిలు + ఒకటి, ఉత్వసంధి, అంతా పద్ధతిగానే ఉంది.

గోదారిగట్టు:
మాష్టారూ, మీరు సమస్య ఇవ్వలేదు, సగం జవాబు చేతికిచ్చేశారు. సముద్ర దేవత థెటిస్ పెళ్ళికి దేవతలందర్నీ పిలిచి ఒక్క ఈరిస్‌ని పిలవలేదు, ఆవిడ పనే తగవులు పెట్టడం కాబట్టి. ఆవిడ ఊరుకుంటుందా, "అందరిలోకీ అందగత్తెకి" అని రాసిన బంగారు ఆపిల్ పందిట్లోకి విసిరింది. ముగ్గురు దేవతలు నాదంటే నాదన్నారు, తీర్పు చెప్పిన ట్రాయ్ రాకుమారుడు పారిస్ లంచంగా హెలెన్‌ని పొందాడు, ఆవిడ కోసం గ్రీకులు దండెత్తారు. అక్కణ్ణించి ట్రాయ్ బూడిదయ్యేదాకా ఒకటే దారి.

పెళ్ళి పిలుపు రాని పేరంటమునకేగి
కలహదేవి విసిరె కనకఫలము
అంద మెవరి దనుచు నమరాంగనలు పోర
నాపిలొకటి కాల్చె నఖిల పురము

అడ్మిన్:
పిలవని పేరంటం భలే తెచ్చావు. ఇంకోటి గమనించారా, "పోరన్" అని ద్రుతం (చివరి న్) ఉంచుకున్నాడు కాబట్టి "పోర నాపిలొకటి" అని చక్కగా అతుక్కుంది. సమస్య అచ్చుతో మొదలైనప్పుడు మూడో పాదం చివర ద్రుతం పెట్టుకుంటే విసంధి (సంధి చెయ్యకుండా వదిలేసే) బాధ ఉండదు. పెట్టకపోయినా నేను పాదాంతంలో మరీ పట్టించుకోను లెండి, అవధానంలో అయితే వదలరు.

లఘువు:
ఒక చిన్న పేచీ. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఈ ఆపిల్ లేదు. 24వ సర్గలో పారిస్ తీర్పు గురించి నాలుగు మాటలున్నాయి అంతే. ఆపిల్ సంగతి చెప్పినవాళ్ళు తర్వాతి వాళ్ళు, హైజినస్, లూషియన్ వగైరా. ఆ మాటకొస్తే ట్రాయ్ తగలబడటం కూడా ఇలియడ్‌లో లేదు, ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతోనే అయిపోద్ది. పైగా గ్రీకులో మీలొన్ అంటే మన ఆపిలొక్కటే కాదు, చెట్టున కాసే రకరకాల పళ్ళకి ఆ మాట వాడేవాళ్ళు. కాబట్టి ఊరిని కాల్చింది ఆపిలే అని రాసివ్వలేం.

గోదారిగట్టు:
పద్యానికి పోలీసు ఎంక్వయిరీ ఏంటి అన్నా. కాలడం మాత్రం నిజమే, ట్రాయ్ అనుకునే టర్కీలోని హిసార్లిక్ దిబ్బ తవ్వితే కాలిన పొర బయటపడింది, ఏడు-ఏ అంటారు దాన్ని, సుమారు క్రీ.పూ. 1180 నాటిది. ఎవరు కాల్చారో, ఏం పండు తిని కాల్చారో పొర చెప్పదు.

మిన్నెసోటా వదిన:
నాకు గ్రీకులు తెలీదు బాబూ, పై మాత్రం బాగా తెలుసు, తెలుసు అని ఎందుకంటున్నానంటే మొన్న ఆదివారం రాత్రి తెలిసొచ్చింది. పై మీద మూత పిండికి గాట్లు పెట్టడం మర్చిపోయా, కింద ట్రే పెట్టలేదు, లోపలి రసం ఉడికి అంచులోంచి పొంగి ఓవెన్ అడుగున పడి మాడి, ఇల్లంతా పొగ, నేనేమో ఫోన్లో మా చెల్లితో మాట్లాడుతూ అలాగే నిద్దరోయా.

పొయ్యి లోన బెట్టి పోయితి ఫోనుకై
కారె రసము కొంప కమురు కంపు
గంట గోలపెట్టె గాఢనిద్రను లేపి
ఆపిలొకటి కాల్చె నఖిల పురము

గోదారిగట్టు:
వదినా 😂😂 కమురు కంపు దగ్గర నాకు వాసన కూడా వచ్చింది

లఘువు:
కంపు కొట్టింది గానీ పురం కాలలేదు కదా, సమస్య తీరలేదు.

మిన్నెసోటా వదిన:
పురమంటే ఇల్లు అని కూడా నిఘంటువులో ఉంది, చూసుకునే రాశా. ఓవెన్ ఒక్కటీ కాలింది, నాకదే సగం ఇల్లు.

అడ్మిన్:
అతిశయోక్తి అని ఒప్పుకుందాం. గంట గోలపెట్టె – గాఢనిద్ర, ఇక్కడ ని తర్వాత ద్ర ఉంది కాబట్టి ని గురువు, గాఢనిద్ అని రగణం (గురువు-లఘువు-గురువు) వచ్చింది, సరిగ్గా పట్టుకుంది వదిన. "లేపి యాపిలొకటి" అని యడాగమం చేసుకుంటే ఇంకా బావుంటుంది, యతి అప్పుడూ చెడదు. ఇంతకీ పొంగకుండా ఏం చెయ్యాలో చెప్పమ్మా, మా ఇంట్లో కూడా ఓవెన్ కొన్నారు.

మిన్నెసోటా వదిన:
ఆపిల్ ముక్కలకి పంచదార పట్టించి అరగంట పక్కన పెడితే నీళ్ళు ఊరతాయి, ఆ నీళ్ళు వంచి విడిగా మరిగించి చిక్కబడ్డాక మళ్ళీ కలపాలి, కొంచెం కార్న్‌ఫ్లోర్, దాల్చినచెక్క పొడి. మైదాలో వెన్న చల్లగా గడ్డగా ఉండాలి, పుట్నాలంత పలుకులు కనపడేటట్టు వేళ్ళతో నలిపి చన్నీళ్ళు చిలకరించి దగ్గరికి చెయ్యడమే, చపాతీ పిండిలా పిసికారో కజ్జికాయ అవుద్ది పై కాదు. ఆ వెన్న పలుకులు ఓవెన్లో కరిగి ఆవిరి పట్టడం వల్లే పొరలు విడతాయి. మూతకి నాలుగు గాట్లు, కింద ట్రే, 220 డిగ్రీల మీద 20 నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి ఇంకో 40. ఆపిల్ పుల్లగా గట్టిగా ఉండే ఆకుపచ్చవి, గ్రానీ స్మిత్ రకం. మెత్తటి ఎర్రవి వేస్తే గుజ్జయిపోతాయి. ఇంకోటి, ముక్క కొయ్యడానికి కనీసం మూడు గంటలు ఆగాలి, ఎవరూ ఆగరు.

కంచంముందు:
ఎవరూ ఆగరు అన్నారు కదా, నేనే ఆ ఎవరూ.

చల్లబడక ముందె చప్పున మింగితి
నోరు మొదలు పొట్ట లోన వరకు
పురమనంగ తనువు బుధులార వినరయ్య
ఆపిలొకటి కాల్చె నఖిల పురము

అడ్మిన్:
శభాష్! పురము అంటే దేహం, తొమ్మిది వాకిళ్ళ పురం అని మన పెద్దవాళ్ళ మాటే. విరుపు (మాటని వేరే అర్థానికి తిప్పడం) బాగా పట్టావు, అయితే రెండో పాదంలో కాలు జారావు. నోరు – లోన, న కి ల కి యతి ఎక్కడుందయ్యా? ప్రాసయతి (రెండో అక్షరాలు కలపడం) అనుకున్నా ర కి న కి కుదరదు. ఇలా మార్చు:

నాలుకాది పొట్ట నరకమయ్యె

కంచంముందు:
అయ్యో, నో లో అని చెవికి ఒకేలా వినపడేసరికి యతి అనుకున్నా. నరకమయ్యె బెస్ట్ అసలు, నిజంగా అంతే జరిగింది, పైన చల్లగా ఉంది కదా అని నోట్లో పెట్టా, లోపల లావా.

కొత్తచెయ్యి:
నమస్తే అందరికీ, నాకిది రెండో పద్యం, తప్పులుంటే తిట్టకండి. పారిస్‌కి ముగ్గురు దేవతలూ లంచం ఇస్తామన్నారు కదా అది రాద్దామని ట్రై చేశా.

హీర రాజ్యమిచ్చు నెథీన గెలుపిచ్చు
అఫ్రొడైటి చూపె నందగత్తె
హెలెను మోము జూచి హృదయమిచ్చెను వాడు
ఆపిలొకటి కాల్చె నఖిల పురము

లఘువు:
మొదటి పాదం పోయింది. నెథీన అంటే లఘువు గురువు లఘువు, జగణం. ఆటవెలదిలో జగణానికి చోటు లేదు, అటు సూర్యగణం కాదు ఇటు ఇంద్రగణం కాదు. అఫ్రొడైటి మాత్రం రెండు హగణాలుగా ఎంత ముద్దుగా కూచుందో చూడు. పారిస్ ఎందుకు ఆవిడకే ఆపిలిచ్చాడో ఇప్పుడర్థమైంది, ఛందస్సులో పట్టేది ఆవిడొక్కతే.

గోదారిగట్టు:
హహ్హహ్హా అన్నా ఈ ఏడాదికి నీ బెస్ట్ కామెంట్ ఇదే

కొత్తచెయ్యి:
ఎథీనాని ఎలా ఎక్కించాలి మరి? రాత్రి రెండు దాకా కూర్చున్నా, ఎటు తిప్పినా రావట్లేదు.

అడ్మిన్:
జగణం పేరు ఒంటరిగా రాదు బాబూ, ముందు మాటకి అతికించి తీసుకురావాలి. ముందు రెండు లఘువులుండే మాట ఉకారంతో ముగిసేలా చూసుకో. గెలుపు ఉంది కదా నీ పద్యంలోనే! గెలుపు + ఎథీన = గెలుపెథీన. గెలుపె నగణం, థీన హగణం, అయిపోయింది. ఇప్పుడు చూడు:

గెలుపెథీన యిచ్చు, కీర్తిరాజ్యము హీర
అఫ్రొడైటి చూపె నందగత్తె

గె–కీ యతి కూడా తనంతట తనే వచ్చి కూచుంది. మిగతాదంతా నీదే, హె–హృ యతి నువ్వు తెలిసి వేశావో తెలీక వేశావో గానీ నాకు బాగా నచ్చింది. రెండో పద్యానికి ఇంత రావడం తక్కువేం కాదు.

కొత్తచెయ్యి:
నిజం చెప్పాలంటే తెలీక వేశా మాష్టారూ 🙏 గెలుపెథీన చూసి అయితే అరిచేశా, మా అమ్మ వచ్చి ఏమైందిరా అంది.

పూతరేకు:
నేను విరుపుతో వస్తున్నా. కాల్చింది ఆపిల్ కాదు, మా పెద్దత్త. పురం కాలలేదు, పళ్ళేలు పట్టుకుని వచ్చింది.

తావి గాలి సోకి తలుపు తట్టెను వచ్చి
పళ్ళెములను బట్టి పలుకరించె
మంచు కురియు నాటి మాపు మా పెద్దత్త
యాపిలొకటి కాల్చె – నఖిల పురము

లఘువు:
అన్వయం వెనక్కి నడుస్తోంది. తట్టెను, పలుకరించె అని క్రియలు ముందు చెప్పేసి కర్తని చివర పెట్టారు, మధ్యలో పెద్దత్త గారి వాక్యం అడ్డం పడింది. మొదటిసారి చదివినప్పుడు తలుపు తట్టింది ఎవరో దొంగ అనుకున్నా.

పూతరేకు:
సమస్యే చివర్లో ఉంటే కర్తని ఇంకెక్కడ పెట్టనండీ, పై అయితే మూత తీసి చూడొచ్చు.

మిన్నెసోటా వదిన:
అన్వయం సంగతి మీరు చూసుకోండి, నా డౌటు వేరే. ఒక్క ఆపిల్‌తో పై ఎలా అయింది? తొమ్మిదంగుళాల పళ్ళేనికి ఆరేడు కాయలు కావాలి. ఊరంతా వస్తే మీ పెద్దత్త ఏం పెట్టింది?

పూతరేకు:
వదినా... ఆపిల్ పై ఒకటి అని చదువుకోండి ప్లీజ్. పై అనే మాట గణాల్లో పట్టక ఊళ్ళోనే వదిలేశా.

అడ్మిన్:
నాకైతే ఈ విరుపు నచ్చింది. కాల్చె అనే మాటకి కర్తని మార్చేసి ఊరిని బతికించింది, సమస్యలో అందరూ ట్రాయ్‌ని తగలబెడుతుంటే ఈవిడొక్కతే భోజనానికి పిలిచింది. లఘువు చెప్పిన లోపం మాత్రం ఉంది, కాదనను. అన్నట్టు గ్రీకు దేశంలో ఇప్పటికీ ఆపిల్ పైని మిలోపిటా అంటారు, ఆ మీలొన్ మాటలోంచే వచ్చింది, అయితే చాలా ఇళ్ళల్లో అది పై కంటే కేకుకి దగ్గరగా ఉంటుంది. వాళ్ళ పైల్లో పొరలుగా వాడే పల్చటి రేకుని ఫిల్లో అంటారు, అంటే ఆకు అని అర్థం. మీ ఐడీ చూస్తే గుర్తొచ్చింది, మన ఆత్రేయపురం రేకు బియ్యప్పిండిది, వాళ్ళది గోధుమపిండిది, పల్చదనం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే పట్టుదల. పాతకాలపు గ్రీకులకి పంచదార లేదు, తీపంటే తేనే.

లఘువు:
నేనూ ఒకటి పెడతా, విమర్శకుడు రాయలేడు అని వెనకాల అనుకుంటున్నారని తెలుసు. క్రమాలంకారం.

పిలుపు లేని వనిత విసిరిన దేమిటో?
యెన్ని? పిదప నగ్ని యేమి చేసె?
బూడిదైన దేది పోరాటమైనంత?
ఆపిలొకటి కాల్చె నఖిల పురము

గోదారిగట్టు:
ఆపిల్ – ఒకటి – కాల్చె – అఖిల పురము. నాలుగు ప్రశ్నలకి నాలుగు జవాబులు వరసగా. ఒప్పుకోక తప్పదు. కాకపోతే ఇది పూరణ కన్నా క్విజ్‌లా ఉంది అన్నా, వదిన పద్యంలో కమురు వాసన వచ్చినట్టు ఇందులో ఏ వాసనా రాలేదు.

లఘువు:
అది నిజమే. లెక్క కుదిరింది, రుచి కుదర్లేదు.

కంచంముందు:
మాష్టారూ ఈ వారం ఫస్ట్ ఎవరు? గోదారిగట్టా, పూతరేకా, లఘువా?

అడ్మిన్:
ముగ్గుర్ని నిలబెట్టి ఒకళ్ళని ఎంచమంటున్నావా? ఇంత కథ చదివి కూడా? ఆ పని ఐడా కొండ మీద ఒక కుర్రాడు చేశాడు, ఏమైందో నాలుగో పాదంలోనే ఉంది. నేను చెప్పను. కొత్తచెయ్యి పద్యం సరిచేశాక పైన పిన్ చేస్తున్నా, అంతే.

మిన్నెసోటా వదిన:
కొత్తచెయ్యీ, ఎప్పుడన్నా ఇటొస్తే పై చేసి పెడతా, ఈసారి గాట్లు పెట్టి.

కొత్తచెయ్యి:
థాంక్యూ వదినా, మూడు గంటలు ఆగుతా ప్రామిస్.

అడ్మిన్:
వచ్చే వారానికి, ఇదీ ఆటవెలదే:

తీపి తినిన కుక్క తెరచె తలుపు

క్లూ ఇస్తున్నా. పాతాళం వాకిట్లో మూడు తలల కుక్క, సెర్బెరస్. సైకీ అనే రాకుమారి రెండు చేతుల్లో తేనె కలిపిన బార్లీ ముద్దలు పట్టుకుని దిగింది, ఒకటి పోయేటప్పుడు, ఒకటి వచ్చేటప్పుడు.

లఘువు:
ఆ సైకీ కథ చెప్పింది అప్యులియస్, లాటిన్ వాడు, గ్రీకు కాదు.

గోదారిగట్టు:
మొదలెట్టాడు