ఉన్నది ఒక్కటే మెయిన్ లైన్, పక్కన రెండోది వేస్తే నీళ్లు ఆగకుండా ఉంటాయా?

నీటిలెక్క:
మాది ప్రాంతీయ మంచినీటి పథకం. శుద్ధి కేంద్రం దగ్గర పంపుహౌస్, అక్కడి నుంచి 20 కిలోమీటర్ల డక్టైల్ ఐరన్ (ఒక రకం గట్టి పోత ఇనుము) లైన్, దాన్నుంచి ఊళ్లకు కొమ్మలు. మెయిన్ ఎక్కడ పగిలినా ఆ కిందున్న ఊళ్లన్నిటికీ నీళ్లు బంద్. పక్కనే రెండో లైన్ వేద్దామని పైవాళ్ల ఆలోచన. డబ్బు మళ్లీ మళ్లీ రాదు. ఈ పనిలో నలిగినవాళ్లు కాస్త చెప్పండి.

పాతవాల్వు:
రెండో లైన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పైపు పగిలిన తేదీల పక్కన కరెంటు పోయిన తేదీలు రాయండి. రెండూ కలుస్తుంటే పైపును తిట్టి లాభం లేదు, అది వాటర్ హేమర్ పని, అంటే ప్రవాహం హఠాత్తుగా మారితే పైపులో పుట్టే ఒత్తిడి దెబ్బ. లోహపు పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో పోతున్న నీళ్లు టక్కున ఆగితే, ఉన్న ఒత్తిడి మీద ఇంకో 10 బార్ దాకా, అంటే సుమారు 100 మీటర్ల ఎత్తు నీళ్ల బరువంత ఒత్తిడి పడుతుంది. కరెంటు పోయి పంపు ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, మొదట ఒత్తిడి పడిపోతుంది. మిట్టల మీద పైపులోకి గాలిని వదిలే, బయటికి పంపే ఎయిర్ వాల్వులు మొరాయించాయా, అక్కడ నీటి ధార తెగుతుంది. తెగింది మళ్లీ వచ్చి కలిసినప్పుడే దెబ్బ. కొత్త లైన్‌ను అదే పంపుహౌస్‌కు తగిలిస్తే అదీ ఆ దెబ్బే తింటుంది. ఖర్చు కలిసొస్తుందని పాత లైన్‌ను ఆనుకుని వేస్తారు చూడండి, అది మరీ అన్యాయం. ఒకటి పగిలి మట్టి కోసేస్తే రెండోదాని కింద ఆధారమే ఉండదు.

ఇంకోటి. నీళ్లు ఆగిన గంటల్ని విడదీసి రాయండి. జాయింటు బిగించడానికి పట్టేది కొంతే. మట్టిలో పూడిపోయిన వాల్వు ఛాంబర్ వెతకడం, తుప్పుపట్టి తిరగని వాల్వుతో కుస్తీ, ఖాళీ అయిన లైన్ నింపడం, వీటికే పూటలు గడిచిపోతాయి. 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న లైన్ కిలోమీటరుకు దాదాపు 280 ఘనపు మీటర్లు మింగుతుంది. దగ్గర్లో కట్టే వాల్వు లేకపోతే ఆ నీళ్లన్నీ పొలాల పాలు.

నీటిలెక్క:
రిజిస్టర్లు తిరగేశాను సార్, సగానికి పైగా కలిశాయి! మరి పగిలిన వెంటనే వాల్వు గబగబా కట్టేయమని చెప్పమంటారా?

పాతవాల్వు:
వద్దు బాబూ. ఆ పొడవు లైన్‌లో ఒత్తిడి అల చివరిదాకా పోయి తిరిగి రావడానికే సుమారు 40 సెకన్లు. అంతలోపు కట్టడమూ ఒక్కసారిగా కట్టడమూ ఒకటే. స్లూయిస్ వాల్వు (చుట్లు తిప్పి పలకను దించి కట్టేది) ప్రవాహాన్ని నిజంగా ఆపేది ఆఖరి చుట్లలోనే, అక్కడ ఎంత నిదానమైతే అంత మంచిది. ఏడాదికోసారైనా ప్రతి వాల్వునూ తిప్పి వదలండి. ఈ పనికి శిలాఫలకం వేయరు కాబట్టి ఎవరూ అడగరు, మీరే అడగాలి.

కొసకుళాయి:
వాల్వులతోనే అంతా అయిపోదు లెండి. పక్క పథకం కొసనూ మీ కొసనూ కలిపే లింకు వేస్తే రెండో లైన్‌కయ్యే ఖర్చులో కొంతకే రెండో దారి దొరుకుతుంది, అదీ వేరే పంపుహౌస్ నుంచి. కాకపోతే ప్రవాహం తిరగబడగానే అడుగున పేరుకున్న మడ్డి లేచి ఎర్రనీళ్లు వస్తాయి, జనం ఊరుకోరు.

పాతవాల్వు:
లింకు మాట నిజమే, నా ఓటూ దానికే. మడ్డి కోసం స్కవర్ వాల్వుల (పల్లాల్లో అడుగు మడ్డిని బయటికి వదిలేవి) దగ్గర ముందే కడిగి, అప్పుడప్పుడూ లింకు తెరిచి నడుపుతుండాలి. అవసరం పడిన రోజే మొదటిసారి తెరిస్తే అది తెరుచుకోదు కూడా. నీటిలెక్క గారూ, మీ లైన్ ఎత్తుపల్లాల గ్రాఫ్ ఉంటే ఇక్కడ పెట్టండి, ఎయిర్ వాల్వులు ఎక్కడ చాలలేదో చూద్దాం.