ఎంబీబీఎస్‌లో ఉండగానే గ్లోబల్ సర్జరీ రీసెర్చ్ చేయొచ్చా?

ప్రశ్న: థర్డ్ ఇయర్‌లో ఉన్నాను. అందరికీ సురక్షితమైన ఆపరేషన్ అందేలా చూసే గ్లోబల్ సర్జరీ రంగంలో పరిశోధన చేయాలనుంది. విదేశాలకు వెళ్లకుండా మా కాలేజీ ఆసుపత్రిలోనే చేయగలిగేవి ఏమున్నాయి?

జవాబు 1: గ్లోబల్‌సర్గ్ (అనేక దేశాల ఆసుపత్రులు కలిసి ఆపరేషన్ల ఫలితాలను అధ్యయనం చేసే బృందం) తరహా బహుళ కేంద్రాల అధ్యయనాలు చూడండి. ఒక్కో ఆసుపత్రిలో చిన్న బృందం ఉంటుంది. నిర్ణీత రోజుల్లో వచ్చిన ప్రతి కేసూ వరసగా రాయాలి, ఆపరేషన్ తర్వాత 30 రోజులు ఫాలోఅప్ చేసి రెడ్‌క్యాప్ అనే ఆన్‌లైన్ డేటా వ్యవస్థలో ఎక్కించాలి. ప్రచురించిన పేపర్‌లో మీ పేరు కొలాబరేటర్ల (సహకరించినవారి) జాబితాలో వస్తుంది. మొదటి ఆథర్‌గా ఆశించకండి.

జవాబు 2: పైవారు చెప్పనిది: డేటా పాడయ్యేది ఫాలోఅప్‌లోనే. డిశ్చార్జయ్యాక రోగి ఫోన్ కలవదు, అందుకే చేరినరోజే ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా తీసుకోండి. లామాలో (డాక్టర్ వద్దన్నా ఆసుపత్రి వదిలి) వెళ్లిపోయినవాళ్లను వదిలేస్తే మరణాల రేటు ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. రాత్రి ఎమర్జెన్సీ కేసులు ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్‌తో సరిచూడాల్సిందే. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కేస్‌షీట్ కూడా తెరవొద్దు.

జవాబు 3: సొంత పరిశోధన ప్రశ్న కావాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వైద్య విద్యార్థులకిచ్చే స్వల్పకాలిక పరిశోధన స్కీమ్ ఎస్‌టీఎస్ ఉంది. వ్యవధి రెండు నెలలే. 30 రోజుల ఫాలోఅప్ పెట్టుకుంటే కేసులు చేర్చుకోడానికి నెలే మిగులుతుంది, కాబట్టి ప్రశ్న కుదించండి. గ్లోబల్ సర్జరీపై 2015 లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం) సూచికల్లో ఒకటి తీసుకోవచ్చు: సిజేరియన్, లాపరోటమీ (పొట్ట తెరిచి చేసే ఆపరేషన్), ఓపెన్ ఫ్రాక్చర్ (చర్మం చీలి గాయమైన ఎముక విరుపు) చికిత్స చేసే ఆసుపత్రికి రెండు గంటల్లో చేరగలిగారా? ఖర్చులపై ప్రశ్న అయితే, ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లనైనా దారి ఖర్చు, పోయిన కూలీ విడిగా అడగండి.